ఏసుపాదం గారి వాన ముగ్గు

పొడి సున్నం మీద చినుకు పడితే ఒక వాసన వస్తుంది. మట్టివాసన కాదు. దానికంటే ఘాటుగా, ముక్కు లోపల కాస్త మండించే వాసన. కిందటి నెల నూజివీడు దారిలో ఒక కాలేజీ స్థలంలో నిలబడి ఉండగా ఆ వాసన తగిలింది. పునాది ఎక్కడ తవ్వాలో నేల మీద సున్నంతో గీతలు గీయడాన్ని మా పనిలో ముగ్గు పోయడం అంటారు. ముగ్గు పోసి గంట కాలేదు, వాన దిగింది. కాంట్రాక్టరు మనుషులు పనంతా పాడైందని తిట్టుకుంటూ రేకుల షెడ్డు కిందికి పరిగెత్తారు. నేను గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి నడిచాను. ముగ్గు ఎక్కడ చెరిగింది, ఎక్కడ చెరగలేదు అని చూసుకుంటూ స్థలం చివరిదాకా వెళ్ళి, తడిసి ముద్దయి తిరిగొచ్చాను. నా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి తువ్వాలు అందిస్తూ, "మేడం, ఏమైనా పోగొట్టుకున్నారా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక కూడా నాకు కాలు ఒకచోట నిలవలేదు.

వాన పడుతుంటే నేను కుర్చీలో కూర్చోలేను. మీటింగులో ఉన్నా సరే, కిటికీ దగ్గరికో మెట్ల దగ్గరికో వెళ్ళి నీళ్ళు ఎటు పోతున్నాయో చూడాల్సిందే. ఈ జబ్బు నాకు అంటించిన మనిషి పేరు ఏసుపాదం. ఆయన్ని ఎరిగినవాళ్ళు తిరువూరు చుట్టుపక్కల పది ఊళ్ళలో ఉంటారేమో, అంతకుమించి ఉండరు. ఆయన గురించి రాయాలని కూర్చున్నప్పుడల్లా నా గురించి కూడా రాయాల్సి వస్తుందని లేచిపోయేదాన్ని. ఈసారి లేవకూడదని కూర్చున్నాను.

పదేళ్ళ కిందటి మాట. మాది విస్సన్నపేట. మామిడి తోటలున్న కుటుంబం. హైదరాబాదులో పెద్ద చదువు చదివి, లోకంలో కట్టడాలన్నీ నేనే సరిచేయాలన్న ఊపులో ఉన్నాను. సరిగ్గా అప్పుడే తిరువూరు దాటాక గంపలగూడెం వైపు వెళ్ళే రోడ్డు పక్కన, ఎర్రనేల మెరక మీద, ఒక యూనివర్సిటీ కట్టడం మొదలుపెట్టారు. మామూలు యూనివర్సిటీ కాదు, పర్యావరణానికి చెరుపు చేయని క్యాంపస్ అని గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. అక్కడి మట్టితోనే చేసిన ఇటుకలు, ఎండను ఆపే వరండాలు, వాన నీళ్ళను నేలలోకి దింపే ఇంకుడు గుంతలు, ఇక్కడి వానకీ ఎండకీ తట్టుకునే చెట్లు. వీటికి ప్లాన్లు గీసి, వాటి ప్రకారం పని జరిగేట్టు చూసే సైటు ఇంజినీరు ఉద్యోగం నాకిచ్చారు. రోజూ స్కూటీ మీద వెళ్ళి వచ్చేదాన్ని.

ఏసుపాదం గారు అక్కడ సూపర్‌వైజరు. చెరువులు, చిన్న కాలువల పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాక ఇక్కడ చేరారు. వినగడప మనిషి. అమ్మానాన్నలు కూలికి వెళ్ళి చదివించారని ఒకసారి చెప్పారు. పొట్టి మనిషి, ప్యాంటు మోకాళ్ళ కిందిదాకా మడిచేవారు, మెడలో ఎప్పుడూ ఒక తువ్వాలు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్ళి, ఆరాధన అయ్యాక ఆ చొక్కాతోనే నేరుగా సైటుకు వచ్చేసేవారు. కాగితాల ప్రకారం ఆయన నా కింద ఉద్యోగి. నన్ను "అమ్మా" అనీ, కోపం వస్తే "మేడం గారూ" అనీ పిలిచేవారు. ఆయనకు సైటులో ఒక కుర్చీ ఉండేది. దాని మీద సున్నం సంచులు తప్ప మనిషి కూర్చోగా నేను చూడలేదు.

నేను చేరిన వారంలోనే గట్టి వాన పడింది. అందరం షెడ్డులో ఉన్నాం. ఏసుపాదం గారొక్కరే గోనెసంచి నెత్తిన కప్పుకుని, చంకలో వెదురు పుల్లల కట్ట పెట్టుకుని నీళ్ళ వెంట నడుస్తున్నారు. పారే నీళ్ళు ఎక్కడ మలుపు తిరిగితే అక్కడొక పుల్ల గుచ్చుతున్నారు. వాన వెలిశాక ఆ పుల్లల్ని కలుపుతూ సున్నంతో ముగ్గు పోశారు. పోసి పోసి, నేను లైబ్రరీ కట్టించాలనుకున్న చోటికి అడ్డంగా లాక్కుపోయారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"వాన ముగ్గమ్మా. ముందు వానకి పోయాలి. దాని చోటు దానికిచ్చేశాక మిగిలినదాంట్లో మనం కట్టుకోవాలి."

"ఇంకో వాన పడితే ఈ ముగ్గు కొట్టుకుపోతుందిగా?"

"పోవాలి. పోతేనే సరిగ్గా పోసినట్టు. చెరక్కుండా ఉందనుకోండి, నేను తప్పు చోట పోశానని."

అలా మూడు వానలు చూస్తేగాని పునాది తవ్వనివ్వనన్నారు. నా దగ్గర లెవెల్ మిషను ఉంది, నేల ఎత్తుపల్లాలు గీసిన ప్లాను ఉంది, ఈయనేమో వెదురు పుల్లలు పట్టుకుని వానకోసం ఆకాశం చూస్తారు. రెండో వాన రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ నేను కాలు కాలిన పిల్లిలా సైటంతా తిరిగాను. మూడో వానకు ఆయన ముగ్గు ఈ చివర నుంచి ఆ చివరకు తుడిచినట్టు చెరిగిపోయింది. ఒక్కచోట మాత్రం చేతి వెడల్పున తెల్లగా మిగిలింది. ఆయన దాని ముందు గొంతుకూర్చుని, తప్పు లెక్క దిద్దుకునే పిల్లాడిలా కాలితో ఆ ముక్క చెరిపేసి, రెండడుగులు ఇవతలగా పుల్ల మార్చారు. లైబ్రరీని నేను పడమటికి జరపక తప్పలేదు. జరిపాక చూస్తే, నా ఎత్తుపల్లాల ప్లానులో కూడా నీళ్ళ దారి అక్కడే ఉంది. నేను చూడలేదంతే.

నాకు ఆయన పాఠాలేమీ చెప్పలేదు. ఆయన పద్ధతి వేరు. హాస్టలు పడమటి వైపున పెద్ద పెద్ద అద్దాల కిటికీలు గీశాను నేను. చూడటానికి బాగుంటాయని. వద్దమ్మా అన్నారు ఒకసారి. నేను వినలేదు. మే నెల మొదట్లో ఒకరోజు వచ్చేసరికి నా టేబులు, కంప్యూటరు, ఫైళ్ళు అన్నీ సగం కట్టిన హాస్టలు గదిలో ఉన్నాయి. పడమటి గది. ఆఫీసు షెడ్డుకి వెల్ల వేయిస్తున్నాం, వారం పాటు సర్దుకోవాలన్నారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ గదిలో పెన్ను పట్టుకుంటే వేళ్ళు జారేవి. తిరువూరు ఎండ సంగతి తెలిసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. మూడో రోజున నేనే రబ్బరు తీసుకుని ఆ కిటికీలు చెరిపేసి వరండా గీశాను. అప్పుడు షెడ్డుకేసి వెళ్ళి చూస్తే వెల్ల లేదు, ఏమీ లేదు. "వెల్ల ఏదండీ?" అని అడిగితే, "సున్నం ఇంకా నాన్లేదమ్మా" అన్నారు, మొహం పక్కకు తిప్పుకుని. నాకు నవ్వాగలేదు. ఆ రోజు నుంచి ఆయన మీద నాకు ఇష్టం మొదలైంది. ఇష్టం మొదలైందంటే బుద్ధి వచ్చిందని కాదు.

ఇక పాయ సంగతి. మూడు వానలు చూసి ఆయన ముగ్గు పోసిన దారి అసలు ఒక చిన్న పాయ. మెరక మీద పడ్డ వాననంతా క్యాంపస్ మధ్యగా దింపి, అవతలి పొలాల అంచున ఉన్న వాగులో కలుపుతుంది. అదేమంత అందంగా ఉండేది కాదు. ఎండాకాలంలో చూస్తే అదొక గొయ్యి. కంప, తంగేడు, వెంపలి, ఎగిరొచ్చి చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు. లైబ్రరీ, హాస్టలు లేచాక ఆ రెంటి మధ్య ఈ గొయ్యి మిగిలిపోయింది. రెండో ఏడు ఎండాకాలంలో, పర్యావరణ భవనాలకు సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అక్కడ పచ్చిక, మెట్ల వేదిక ఉండాలని ప్లానులో ఉంది. రిజిస్ట్రారు గారు ఆ గొయ్యిని చూసి, "ఇది ఇలాగే చూపిస్తారా?" అని నన్నడిగారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ఏసుపాదం గారికి అప్పుడే కంటి ఆపరేషను. శుక్లాలు. విజయవాడలో చేయించుకుని నెల రోజులు ఇంటిపట్టున ఉండాలన్నారు డాక్టర్లు. వెళ్ళేముందు నా టేబులు దగ్గరకు వచ్చి నిలబడ్డారు. "అమ్మా, నేనొచ్చేదాకా ఆ పాయ జోలికి పోవద్దు. వచ్చాక ఇద్దరం కలిసి ఏదోటి చేద్దాం. సరేనా?" అన్నారు. సరేనన్నాను. నిజంగానే సరేనన్నాను, ఆ నిమిషానికి అబద్ధం చెప్పాలనుకోలేదు. ఆయన వెళ్ళిన ఐదో రోజున టిప్పర్లు పిలిపించి ఎర్ర గ్రావెల్ తోలించి పాయను పూడ్పించాను. అడుగున ఒక సిమెంటు తూము వేయించాను, నీళ్ళు పోవడానికి అది చాలని లెక్క వేసుకుని. పైన మట్టి పరిపించి పచ్చిక అంటించాం. మే నెల ఎండలో ఆ పచ్చిక బతకడానికి ట్యాంకర్లతో నీళ్ళు పెట్టించాం. నీళ్ళను కాపాడే క్యాంపస్‌లో. అప్పుడు నాకది వింతగా తోచలేదు. రోడ్డు వెంట వరసగా ఇంకుడు గుంతలు తవ్వించి, చుట్టూ తెల్లరంగు రాళ్ళు పేర్పించాను. అవి మెరక మీద ఉన్నాయి, అక్కడికి నీళ్ళు ఎక్కి రావు. ఫొటోల్లో మాత్రం చక్కగా వచ్చాయి. చూడవచ్చినవాళ్ళు మెచ్చుకుని సర్టిఫికెట్టు ఇచ్చి వెళ్ళారు.

ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తిరిగొచ్చారు. దుమ్ములోకి వెళ్ళొద్దన్నా వినకుండా సరాసరి పచ్చిక దగ్గరకు నడిచారు. నేను వెనకాలే వెళ్ళి, తూము వేశాం, లెక్క సరిపోయింది, టైము లేక, అంటూ ఏవేవో చెప్పాను. ఆయన వంగి పచ్చికను అరచేత్తో అదిమి చూశారు. "మెత్తగా ఉందమ్మా" అన్నారు. అంతే. ఆ తర్వాత పనికి లోటు చేయలేదు. ఇటుకలు తడిపించడం, చెట్లకు పాదులు చేయించడం అన్నీ మామూలే. కానీ పొద్దున్నే నా గదిలోకొచ్చి టీ తాగే అలవాటు మానేశారు. ఇంకొకరైతే తిట్టేవారు, పది మందికి చెప్పేవారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం వాన వచ్చింది. గంటన్నర పడి ఉంటుంది. కోసిన పచ్చిక, ప్లాస్టిక్ సంచులు తూము మూతికి అడ్డంపడ్డాయి. నీళ్ళు పచ్చిక వెనక చెరువులా నిలిచి, పైకెక్కి, నేను పోయించిన గ్రావెల్‌ను కోసుకుంటూ దిగువకు పోయి కాంపౌండ్ గోడను పడగొట్టాయి. గోడ అవతల నాగేంద్రమ్మ అనే ఆవిడ కౌలుకు చేస్తున్న ఎకరన్నర పత్తి చేను ఉంది. మోకాలెత్తు పెరిగి పూత మీదున్న పత్తి. వాన తగ్గాక చూస్తే ఆ చేనులో సగం లేదు. ఎర్ర గ్రావెల్ పరుచుకుని, అక్కడక్కడా కొమ్మల చివర్లు మాత్రం పైకి కనబడుతున్నాయి.

మర్నాడు పొద్దున రిజిస్ట్రారు గారు పిలిచారు. ఊహించనంత వాన పడిందని, అందువల్లే గోడ పడిందని రిపోర్టు రాయమన్నారు. అప్పుడు అది ప్రకృతి చేసిన నష్టం అవుతుంది. యూనివర్సిటీకి బాధ్యత ఉండదు, సర్టిఫికెట్టుకు ఢోకా ఉండదు, నాగేంద్రమ్మకు ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. నేను రాశాను. ఒక్క మాట కూడా కొట్టేయకుండా రాశాను. ఉద్యోగం పోతుందన్న భయం ముందు మిగిలినవేవీ కనపడలేదు. అడుగున నా సంతకం, దాని పక్కన సూపర్‌వైజరు సంతకం ఉండాలి. కాగితం పట్టుకుని ఏసుపాదం గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన చదివి, మడిచి, నా చేతికే ఇచ్చారు.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు కదమ్మా," అన్నారు. "ఇక్కడ దేవుడిదాకా పోనక్కర్లా. నాకు తెలుసు, మీకూ తెలుసు."

"మీరు సంతకం చేయకపోతే నా ఉద్యోగం పోతుందండీ."

"పోవచ్చు."

షెడ్డు వెనక ఆయన ఒక వానమాని పెట్టుకుని, పడిన ప్రతి వాననూ బడిపిల్లల నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. అంతకుముందు ఏడు దీనికంటే పెద్ద వానలు రెండు పడ్డాయి. రెండింటినీ పాయ చడీచప్పుడు లేకుండా దింపేసింది. "ఇది నేను రిజిస్ట్రారు గారికి చూపించను. పూడ్చింది నేను కాదుగా, నేనెట్టా చెప్తాను? మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరికి చూపిస్తారో మీ ఇష్టం" అన్నారు. ఆ తర్వాత, "రండి, చేలోకి పోయొద్దాం. ఆ ప్లాను కూడా తీసుకోండి" అన్నారు.

పడిన గోడ మీదుగా దిగి వెళ్ళాం. నాగేంద్రమ్మ కూర్చుని ఒక్కొక్క మొక్క చుట్టూ చేత్తో గ్రావెల్ తీసి పక్కన పోస్తోంది. ఎకరన్నర చేలో చేత్తో. యాభై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూసి లేచి, చేతులు చీరకు తుడుచుకుంది. నేను మాటలు వెతుక్కుంటూ ప్లాను విప్పాను, తూము ఎక్కడుందో నీళ్ళు ఎక్కడ ఆగాయో చూపిద్దామని. ఆవిడ పెద్దగా చదువుకోలేదు, కానీ వంగి శ్రద్ధగా చూసింది. గేటు ఏది, లైబ్రరీ ఏది అని అడిగి, వేలితో దారి పట్టుకుని గోడదాకా వచ్చింది.

"మా చేను మీ కాయితంలో ఏడుందమ్మా?" అని అడిగింది.

గోడ గీత దగ్గర ప్లాను అయిపోయింది. గోడ అవతల, ఆవిడ చేను ఉండాల్సిన చోట, నలుచదరంగా ఒక పెట్టె గీసి ఉంది. ప్రతి ప్లానులోనూ ఒక మూల అలాంటి పెట్టె ఉంటుంది. అందులో పని పేరు, తేదీ, గీసినవారి పేరు రాస్తారు. గీసినవారు శైలజ అని రాసి ఉంది. ఆవిడ వేలు నా పేరు మీద ఉంది. ఆవిడకు ఆ సంగతి తెలియదు.

"లేదండీ. మీ చేను నేను గీయలేదు," అన్నాను. "వాన పెద్దదేం కాదు. ఇక్కడ పాయ ఉండేది. నేనే పూడ్పించాను. తప్పు నాది."

ఆవిడ నన్ను కాదు, ఏసుపాదం గారిని చూసింది. "ఈయన వద్దన్లేదా?"

"అన్నారు."

"మరి?"

ఏసుపాదం గారు నా తరఫున ఒక్క మాట చెప్పలేదు. చిన్నపిల్ల, తెలియక చేసింది అని అనొచ్చు. అనలేదు. ఆయన వంగి గ్రావెల్ తీయడం మొదలుపెట్టారు. నేనూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ముగ్గురం తీశాం. నాలుగు సాళ్ళు కూడా పూర్తి కాలేదు.

సాయంత్రం వెళ్ళి రిపోర్టు చింపేసి కొత్తది రాశాను. నోటుపుస్తకం జతచేశాను. రిజిస్ట్రారు గారు దాన్ని రెండుసార్లు చదివి, "ఇది మీరే రాశారా, ఆయన రాయించారా?" అని అడిగారు. నేనే రాశానన్నాను. చాలా రోజులు గొడవ నడిచింది. చివరకు సంతకం చేసిన కాగితాన్ని దాచలేక ఒప్పుకున్నారు. చేలో గ్రావెల్ ఎత్తించి, మంచి మట్టి తోలించి, ఆ ఏటి పంట నష్టం కూడా ఇచ్చారు. పచ్చికను తవ్వించేసి పాయను తిరిగి తెరిచాం. ఏసుపాదం గారు దగ్గరుండి ఒడ్డుల వెంట రాళ్ళు పేర్పించారు, వాలు చూసి చూసి, నచ్చకపోతే పీకించి మళ్ళీ పేర్పించారు. రెల్లు నాటించారు. నడిచేవాళ్ళ కోసం రెండుచోట్ల నీళ్ళు పైనుంచి పోయేట్టు చప్టాలు కట్టించారు. ఆ పని జరిగిన నెలల్లో ఆయన మళ్ళీ నా గదికి టీకి వచ్చారు.

మరుసటి వానాకాలానికి పని పూర్తయింది. పూర్తయిన నెలలోనే ఆయన్ని తీసేశారు. వయసు మీరిందన్నారు. కళ్ళు సరిగా కనపడవన్నారు. నాకు తెలుసు, ఆయనే నాతో రాయించారని వాళ్ళ అనుమానం. తప్పు చేసినదాన్ని, నన్ను ఉంచారు. చదువు ఉంది, నాన్న పేరు ఉంది, సర్టిఫికెట్టు కోసం పంపిన కాగితాల మీద నా సంతకం ఉంది. నేను వెళ్ళి ఆయనకోసం అడగాలి. రిజిస్ట్రారు గారి తలుపు దాకా రెండుసార్లు వెళ్ళాను. తట్టకుండానే వెనక్కి వచ్చాను. ఆయన తువ్వాలు దులుపుకుని, అందరికీ చెప్పి, గంపలగూడెం షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. నేను బిల్డింగు పైన ఏదో పని ఉన్నట్టు నిలబడి చూశాను.

తర్వాత ఆ పాయకు పేరొచ్చింది. వానాకాలంలో రెల్లు మధ్య నీళ్ళు పారుతుంటే పిల్లలు చప్టాల దగ్గర కూర్చుని చదువుకుంటారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఫొటోలు తీసుకుంటారు. ఒడ్డున పలక పెట్టారు, సహజ జలమార్గం, రూపకల్పన ఫలానా అని. ఆ ఫలానా నేను. దాన్ని చూసే నాకు వేరే పనులు వచ్చాయి. విజయవాడలో సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాను. సభలకు పిలుస్తారు, ఆ పాయ బొమ్మ తెరమీద వేస్తారు, చప్పట్లు కొడతారు. నేను నవ్వుతూ నిలబడతాను.

రెండేళ్ళ కిందట ఇక ఉండబట్టలేక వినగడప వెళ్ళాను. ఏసుపాదం గారు బాగా చిక్కిపోయారు, అయినా పెరట్లో పలుగు పట్టుకుని ఇంటి చూరు నీళ్ళు జామచెట్టు పాదులోకి మళ్ళిస్తున్నారు. నన్ను చూడగానే కుశలం కూడా అడగకుండా, "పాయ రాళ్ళు ఏవైనా కదిల్నయ్యా అమ్మా?" అన్నారు. లేదన్నాను. నాగేంద్రమ్మ చేను గురించి అడిగారు. బాగుందన్నాను. అప్పుడు పలక సంగతి, సభల సంగతి, నేను ఆయనకోసం అడగకపోయిన సంగతి, అన్నీ గబగబా చెప్పేశాను. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నవి.

ఆయన విని నవ్వారు. "పలక మీద ఎవరి పేరుంటే నీళ్ళకేం అడ్డమమ్మా. పోతన్నాయిగా." పలుగు గోడకు ఆనించి మెల్లగా ఇంకో మాట అన్నారు. "అయినా ఇదంతా నాకు చెప్పటం దేనికి? నాకు తెలిసిందేగా."

టీ తాగి వచ్చేశాను. దారి పొడుగునా ఆ మాట నన్ను పొడుస్తూనే ఉంది. తెలియనివాళ్ళకు చెప్పాలి, అది ఆయన చెప్పకుండా చెప్పిన మాట. తర్వాత సభలో చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆ తర్వాతి సభలోనూ చెప్పలేదు.

ఈ ఏడు ఎండలు ముదరకముందే ఆయన పోయారు. సమాధి కార్యక్రమం అయ్యాక చర్చి ఆవరణలో షామియానా కింద అందరం నిలబడ్డాం. ఆయన అల్లుడు నన్ను బంధువులకు పరిచయం చేస్తూ, "యూనివర్సిటీలో పాయ తవ్వించిన ఇంజినీరు గారు ఈవిడే, మావయ్య ఎప్పుడూ చెప్పేవారు" అన్నాడు. అందరూ చేతులు జోడించారు. నేనూ అలవాటుగా నవ్వి చేతులు జోడించాను. వెనక కుర్చీల్లోంచి నాగేంద్రమ్మ గొంతు వినపడింది.

"పూడ్పించింది కూడా ఈవిడేనండి."

గొంతులో కోపం లేదు. ఎగతాళి లేదు. ఊరూ పేరూ చెప్పినట్టు చెప్పింది. అల్లుడు మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక నన్ను చూశాడు. అవునన్నాను. ఏసుపాదం గారు వద్దన్నా వినలేదని, తర్వాత దగ్గరుండి బాగుచేయించింది ఆయనేనని, ఆ తర్వాత ఆయన్ని తీసేస్తుంటే చూస్తూ ఊరుకున్నానని, ఆయన బంధువులందరి ముందూ చెప్పాను. నాగేంద్రమ్మ పక్క కుర్చీలో ఉన్న సంచి తీసి కింద పెట్టి, "ఇట్టా వచ్చి కూర్చోమ్మా, ఎంతసేపని నిలబడతావ్" అంది.

పలక మార్చమని యూనివర్సిటీకి రాశాను. ఇంకా మార్చలేదు, మళ్ళీ రాస్తాను. ఇప్పుడు ఏ సభకు పిలిచినా వెళుతున్నాను. తెరమీద పాయ బొమ్మ వస్తుంది. ముందు పూడ్చిన సంగతి చెబుతాను. తవ్విన సంగతి తర్వాత.